హాలు గోడలకు ఐవరీయా, లేత గ్రేనా?

కొత్తింటివాడు: మియాపూర్‌లో రెండో అంతస్తు ఫ్లాట్. లప్పం, ప్రైమర్ అయిపోయాయి. హాల్లోకి వెలుతురొచ్చేది ఉత్తరం బాల్కనీ నుంచే. కింద ఐవరీ టైల్స్, తలుపులు టేకు. మా ఆవిడ లేత గ్రే అంటోంది, నేను ఐవరీ. ఎల్లుండికల్లా మేస్త్రీకి షేడ్ నంబరు చెప్పాలి.

గోదారబ్బాయి: ఐవరీనే. ఉత్తరం వైపు నేరుగా ఎండ పడేది తక్కువ, వచ్చే వెలుతురులో నీలం పాలు ఎక్కువ. దానికి గ్రే తోడైతే మిట్టమధ్యాహ్నం కూడా మబ్బేసినట్టుంటుంది. మా హాల్లో అదే అయింది. కార్డు మీద బూడిద రంగు, గోడ మీదకొచ్చేసరికి ఊదా. మా అమ్మ చూసి "ఇంకా రంగు వేయించలేదేంట్రా, సిమెంటు కనబడుతోంది" అంది.

మూడోఅంతస్తు: అబ్బాయి గారూ, ముందు మీ ట్యూబులైటు మీద ఎంత రాసుందో చూడండి. 6500 కెల్విన్ (నీలం పాలున్న తెల్ల వెలుతురు) అయితే ఏ గ్రే అయినా నీలంగానే కొడుతుంది, తప్పు రంగుది కాదు. ఇక ఐవరీ నేల మీద ఐవరీ గోడంటే పెరుగన్నంలో ఇంకాస్త పెరుగు కలిపినట్టే. తెల్లటి సీలింగ్ పక్కన అది మాసినట్టు కూడా కనిపిస్తుంది. టేకు తలుపు ఎత్తి కనబడాలంటే గ్రే వేయండి.

రెండుకోట్లు: (పేరులోనే కోట్లు, చేసేది పెయింటింగ్ కాంట్రాక్టు.) చీకటి చేసేది రంగు పేరు కాదండీ. షేడ్ వివరాల్లో ఎల్‌ఆర్‌వీ అని ఒక అంకె ఉంటుంది, నలుపుకు 0, తెలుపుకు 100. ఐవరీ అయినా గ్రే అయినా ఆ అంకె ఒకటే అయితే వెనక్కి కొట్టే వెలుతురూ అంతే. తేడా అడుగున కలిసిన రంగులో ఉంది. నీలం కలిసిన గ్రే వేరు, గోధుమ కలిసిన గ్రే వేరు. రెండడుగుల చార్టు మీద రెండు కోటింగులు వేసి, పూర్తిగా ఆరాక గోడగోడకూ ఆనించి చూడండి. పగలొకసారి, రాత్రి లైట్లేసి ఒకసారి. తడి మీద చూసి నిర్ణయించొద్దు.

కొత్తింటివాడు: చూశాం. రాత్రి 3000 కెల్విన్ (పసుప్పచ్చ వెలుతురు) బల్బు కింద నా ఐవరీ పసుపు రాసిన గడపలా ఉంది. గోధుమ గ్రే టేకు పక్కన బాగుంది, ఒప్పుకోక తప్పలేదు. కానీ పగలు లోపలి గోడ దగ్గర అదే చార్టు నీరసంగా ఉంది. ఆ ఒక్క గోడకు ఐవరీ అంటే మా ఆవిడ వినడం లేదు.

గోదారబ్బాయి: రెండూ వేయకండి సార్, మూలలో గీత కనబడుతుంది.