మరుగునపడ్డ సంగీతమంతా మాణిక్యమేనా?

రాగమాలిక: కొన్నాళ్లుగా పంతొమ్మిదో శతాబ్దపు యూరప్ సంగీతంలో పెద్దగా పేరులేని పియానో, చాంబర్ (కొద్దిమంది కలిసి వాయించే) రచనల కొత్త రికార్డింగులు వింటున్నాను. ఏది తీసినా 'మరుగునపడ్డ మాణిక్యం' అనే అంటారు. ఇన్ని మాణిక్యాలుంటే ఇన్నేళ్లూ ఎవరూ ఏరుకోలేదా? కాలం జల్లెడ పట్టింది, పొట్టు పోయింది, అంతే. ఫ్రాన్స్‌లో జార్జ్ ఆన్‌స్లో సంగతే చూడండి. 36 స్ట్రింగ్ క్వార్టెట్లు, అంటే నాలుగు తీగవాద్యాల రచనలు, రాశాడు. డబ్బుంది, బతికుండగా పేరూ ఉంది. ఎవరూ తొక్కేయలేదు. అయినా జనం మరిచిపోయారు.

తీగమీటు: జల్లెడ ఎవరి చేతిలో ఉందో కూడా చూడాలి కదండీ. జర్మన్ స్వరకర్త ఫ్యానీ మెండెల్సన్ 1828లో పియానోకి ఈస్టర్ సొనాటా రాసింది. 1970లో ప్యారిస్‌లో రాతప్రతి దొరికితే పేరుమోసిన స్వరకర్త అయిన తమ్ముడు ఫెలిక్స్‌దే అనుకుని 1972లో రికార్డు చేశారు. అక్కదని 2010లో ఒక అమెరికన్ పరిశోధకురాలు తేల్చారు. 2017 మహిళా దినోత్సవం నాడు లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్‌లో ఆమె పేరుతోనే వాయించారు. మొదట్నుంచీ అక్క పేరే ఉంటే 1972లో దాన్ని ఎవరైనా పట్టించుకునేవారా?

రాగమాలిక: ఆ సొనాటా బాగుంటుంది, ఒప్పుకుంటా. ఒక్క పండు రుచి చూపించి గంపంతా కొనమంటే ఎలా?

ఐదోమెట్టు: అసలు జల్లెడలో పోస్తేగా జల్లించడానికి! నెలకో ముక్క చొప్పున ఏడాదంతటి మీదా ఫ్యానీ పియానోకి రాసిన 'దస్ యార్' 1841 నాటిది. అచ్చయింది 1989లో. అచ్చులో లేనిదాన్ని ఎవరు వాయిస్తారు? ఇంకోటి. బీథోవెన్ క్వార్టెట్‌కి లెక్కలేనన్ని రికార్డింగులున్నాయి, ఒకటి చప్పగా ఉంటే ఇంకొకటి వింటాం. ఫ్యానీలాంటి వాళ్లకి ఉన్నది ఒకటో రెండో. అది నచ్చకపోతే లోపం రచనదో వాయించినవాళ్లదో ఎలా తెలుస్తుంది?

తీగమీటు: ఫ్రెంచి స్వరకర్త లూయీజ్ ఫారెంక్ నోనెట్ కూడా వినండి, తొమ్మిది వాద్యాల రచన: నాలుగు తీగవాద్యాలు, ఐదు ఊదేవి. 1850లో అది హిట్టయ్యాకే ప్యారిస్ కన్సర్వేటరీలో ఆవిడకి మగ ప్రొఫెసర్లతో సమానంగా జీతం ఇచ్చారు.

రాగమాలిక: జీతం కథ బాగుంది గానీ, కథలు చూసి మార్కులు వేయలేం. ఆన్‌స్లో సంగతికి మాత్రం ఎవరూ జవాబు చెప్పలేదు.

ఐదోమెట్టు: ఐదు తీగవాద్యాలకి ఆయన రాసిన 'బుల్లెట్' క్వింటెట్ విన్నారా? 1829లో వేటలో తూటా తగిలి ఒక చెవికి వినికిడి దెబ్బతింది. ఆ నొప్పి, జ్వరంలో కలవరింతలు, కోలుకోవడం అన్నీ అందులో పెట్టాడు. విన్నాక కూడా పొట్టే అంటే నేనింక మాట్లాడను.

రాగమాలిక: లేదండీ, నేను విన్నవి నాలుగు క్వార్టెట్లే. అవి కూడా, నిజం చెప్పాలంటే, అంట్లు తోముకుంటూ.