కోత పండుగ వాలంటీర్ల చర్చ: రూతు గ్రంథం, నాలుగు టేబుళ్లు, ఒక పరిగె పెట్టె

సమన్వయం చూస్తున్న అన్న

అందరికీ వందనాలు. డాలస్‌లో మన కోత పండుగకి ఈసారి వాక్య భాగం టేబుళ్ల దగ్గర జరుగుతుంది. పెద్దలు 90, పిల్లలు 45 లెక్కేసుకుందాం. పెద్దలకి నాలుగు టేబుళ్లు, ఒక్కోదానికి ఇద్దరు లీడర్లు, అంటే ఒక్కో లీడర్ దగ్గర పదకొండు మంది. అంతకన్నా ఎక్కువైతే ఇద్దరే మాట్లాడతారు, మిగతావాళ్లు ఫోన్లు చూస్తారు. ఒక విడత 35 నిమిషాలు: చదవడానికి 8, మాట్లాడుకోవడానికి 12, కార్డు రాయడానికి 10, టేబుల్ మారడానికి 5.

కథలు: ఒకటో టేబుల్ రూతు 2, రెండు మత్తయి 18 (క్షమించని దాసుడు), మూడు లూకా 10 (మంచి సమరయుడు), నాలుగు అపొస్తలుల కార్యములు 6 (విధవరాండ్రకు భోజనం పంచడం). ప్రతి టేబుల్ దగ్గర ఒక కథ, ఒక పని. "ప్రేమగా ఉండాలి", "విశ్వాసంలో బలపడాలి" అని కార్డు మీద రాస్తే లీడర్ చిరునవ్వుతో వెనక్కి ఇవ్వాలి. ఏ రోజు, ఎవరికి, ఎంత అని ఉంటేనే అది కార్డు.

బైబిల్ స్టడీ చూస్తున్న అక్క

అన్నా, లీడర్లకి ఒక్కటే పద్ధతి చెప్తున్నాను. అధ్యాయం చదివేటప్పుడు క్రియల కింద గీత గీయండి. కథలో మనుషులు నిజంగా చేసిన పనుల్లోంచే మన పని రావాలి. అలా కాకపోతే ఏ కథ తీసుకున్నా చివరికి "దేవుని నమ్మితే అంతా మంచే జరుగుతుంది" అన్న చోటికే చేరతాం.

రూతు 2లో, అత్త నయోమితో వచ్చిన విధవరాలు రూతు పరిగె (కోతలో రాలిన వెన్నులు) ఏరుకోవడానికి ఒక చేనికి వెళ్తుంది. ఆ చేను యజమాని బోయజు చేసినవి చూడండి. కోతవాళ్లను పలకరించాడు. ఈ అమ్మాయి ఎవరిదని అడిగాడు. ఆమెను ముట్టొద్దని పనివాళ్లకు ఆజ్ఞ ఇచ్చాడు (9వ వచనం). దాహమైతే కుండల దగ్గరికెళ్లి తాగమన్నాడు. భోజనానికి కూర్చోబెట్టి, తృప్తిగా తిని మిగుల్చుకునేంత పెట్టాడు (14). పనల మధ్య కూడా ఏరుకోనివ్వమన్నాడు, కావాలనే కొన్ని పిడికెళ్లు వదలమన్నాడు, గద్దించొద్దన్నాడు (15, 16). భద్రత, నీళ్లు, భోజనం, పని, గౌరవం. డబ్బు చేతిలో పెట్టిన ప్రస్తావన ఆ అధ్యాయంలో ఎక్కడా లేదు.

ఆ సాయంత్రం రూతు దుళ్లగొట్టి కొలిస్తే దాదాపు తూమెడు, మూలంలో ఏపా. పండితుల అంచనాలు అటూ ఇటూగా ఉన్నా సుమారు 22 లీటర్లు. ఐదు గ్యాలన్ల బకెట్ ఒకటి టేబుల్ మీద పెట్టండి, అది నిండి ఇంకొంచెం మిగులుతుంది. నిర్గమకాండము 16 ప్రకారం మన్నా (అరణ్యంలో దేవుడిచ్చిన ఆహారం) మనిషికి రోజుకి ఒక ఓమెరు, పది ఓమెర్లు ఒక ఏపా. మన్నా, యవలు ఒకటి కాదు గానీ, ఆ కొలతనే పట్టుకుంటే అత్తాకోడళ్లిద్దరికీ ఐదు రోజుల గ్రాసం ఒక్క రోజులో దొరికింది. పరిగె ఏరుకునే మనిషికి అంత దొరకదు. వదిలిన పిడికెళ్ల లెక్క అందులో కనిపిస్తుంది. పైగా ఆ సాయం ఒక్క పూటతో ఆగలేదు, యవల కోత, గోధుమల కోత అయ్యేదాకా సాగింది (23).

అన్వయానికి వస్తే, లేవీయకాండము 19:9, 10 చేను ఓరలు కోయకుండా బీదలకూ పరదేశులకూ విడిచిపెట్టమంటుంది, ఎంత వదలాలో మాత్రం చెప్పదు. తర్వాతి యూదు సంప్రదాయంలో మిష్నా అనే ధర్మ నియమాల గ్రంథం కనీసం 60వ వంతు అని పెట్టింది. మనం అదే తీసుకుందాం. ఇంటికొచ్చే జీతం నెలకి 6,000 డాలర్లయితే 100 డాలర్లు, 4,500 అయితే 75. జీతం పడ్డ రోజే అది వేరే ఖాతాలోకి వెళ్లేలా బ్యాంక్ యాప్‌లో ఆటోమేటిక్ ట్రాన్స్‌ఫర్ పెట్టుకోవాలి. నెలాఖరున మిగిలితే ఇద్దాం అనుకుంటే మిగలదు. ఓర అన్నది కోతకి ముందే వదిలేది. ఇది దశమ భాగానికి, కానుకకి బదులు కాదని లీడర్లు ఒక్క ముక్క తప్పకుండా చెప్పాలి. లేకపోతే కోశాధికారి అన్నయ్య నన్ను నిలదీస్తారు.

ఎక్కడ బండి పక్కకు పోతుందో కూడా చెప్తాను. పెళ్లికాని పిల్లలున్న టేబుల్‌లో మాట రెండు నిమిషాల్లో "బోయజు లాంటి సంబంధం" మీదికి వెళ్తుంది. పెళ్లి సంగతి ఉన్న 3, 4 అధ్యాయాలు ఈ రోజు కావని చెప్పి, పొలంలోకి తీసుకొచ్చేయండి.

యూత్, స్టూడెంట్ల గ్రూప్

అక్కా, స్టూడెంట్లకి జీతం ఎక్కడుంది? 60వ వంతు అంటే వాళ్లు తల దించుకుని కూర్చుంటారు. వాళ్లకి వేరే లెక్క కావాలి. ఇంకొకటి, ఉద్యోగం పోయినవాళ్లు కూడా ఆ టేబుల్ దగ్గరే ఉంటారు. "మీరు బోయజు" అని మొదలుపెడితే వాళ్లకి గుచ్చుకుంటుంది.

బైబిల్ స్టడీ చూస్తున్న అక్క

మంచి మాట తమ్ముడూ. స్టూడెంట్లకి సమయంలో ఓర పెడదాం. వారానికి 168 గంటలు, అందులో 60వ వంతు రెండు గంటల నలభై ఎనిమిది నిమిషాలు. కారు ఉన్నవాళ్లు లేనివాళ్లని వారానికి ఒకసారి సరుకులకి తీసుకెళ్తే అది సరిపోతుంది. ఏ రోజు, ఎన్నింటికి అనేది కార్డు మీద రాయాలి.

మొదలుపెట్టేటప్పుడు "మీరు బోయజు" అనొద్దు. మోయాబు నుంచి వచ్చిన రూతు పరదేశి, మనమూ అంతే. కార్డుకి రెండు వైపులు అచ్చు వేద్దాం. ఒక వైపు "నేను వదలగలిగిన పిడికెడు", రెండో వైపు "ఈ నెల నాకు కావాల్సిన పిడికెడు". ఎవరు ఏ వైపు రాస్తున్నారో పక్కవాళ్లు చూడక్కర్లేదు. కవర్‌లో పెట్టి పరిగె పెట్టెలో వేస్తారు, తెరిచేది పాస్టర్ గారు, పాస్టరమ్మ గారు మాత్రమే.

లేఆఫ్ సంగతి వేరుగా చెప్పాలి. హెచ్1బీ (ఉద్యోగ వీసా) మీద ఉన్నవాళ్లకి ఉద్యోగం పోతే, ఇక్కడ ఉండి ఇంకో ఉద్యోగం చూసుకోవడానికి 60 రోజుల వరకే గడువు. "ప్రార్థిస్తున్నాం బ్రదర్" అని మెసేజ్ పెట్టి రెండు వారాల తర్వాత కదిలితే ఆ గడువులో నాలుగో వంతు అయిపోయినట్టే. మొదటి వారంలోనే రెజ్యూమె చూసే మనిషి ఒకరు, తమ కంపెనీలో రిఫరల్ పెట్టగలిగేవాళ్లు కనీసం ముగ్గురు, సరుకులకి ఒక ఇల్లు. వీసా సలహా మాత్రం టేబుల్ దగ్గర ఎవరూ ఇవ్వొద్దు, అది లాయర్ చెప్పాల్సింది.

సండే స్కూల్

పిల్లలకి మత్తయి 18 ఇలా అనుకుంటున్నాం. దాసుడు రాజుకి బాకీ పడింది పదివేల తలాంతులు, తోటి దాసుడు ఇతనికి బాకీ నూరు దేనారాలు. రాజు ఇతని బాకీ వదిలేసినా, ఇతను తోటివాణ్ని వదల్లేదు. దేనారం ఒక రోజు కూలి (మత్తయి 20:2), తలాంతుకి 6,000 దేనారాలు. అంటే మొదటి బాకీ రెండోదానికి ఆరు లక్షల రెట్లు. ఈ అంకె చెప్తే పిల్లలు "వావ్" అంటారు గానీ బుర్రకెక్కదు.

అందుకని 20 పౌండ్ల సోనా మసూరి సంచి ఒకటి, దాని పక్కన నల్ల కాగితం మీద ఒక్క బియ్యపు గింజ. ఇంచుమించు ఆ లెక్కే. పెద్ద పిల్లలు విడిగా తెచ్చిన గుప్పెడు బియ్యంలోంచి వెయ్యి గింజలు లెక్కపెట్టి, గ్రాములు చూపే కిచెన్ తూకం మీద పెట్టి, 600తో హెచ్చవేసి సంచి బరువుతో పోలుస్తారు. సన్న బియ్యానికీ బాస్మతికీ తేడా వస్తుంది, రానివ్వండి, ఆ వాదన కూడా వాళ్లకి ఇష్టమే. సంచి కుట్టు మాత్రం విప్పొద్దు. విప్పిన సంచిని ఫుడ్ ప్యాంట్రీలు (అవసరమున్నవాళ్లకి ఉచితంగా సరుకులు పంచే చోట్లు) తీసుకోవు, మనం సాయంత్రం దాన్ని అక్కడికే పంపాలి.

తర్వాత ప్రతి పిల్లా, పిల్లవాడూ చిన్న జిప్ కవర్‌లో ఒక గింజ వేసుకుని ఇంటికి తీసుకెళ్తారు. అన్నతోనో చెల్లితోనో పోట్లాట వచ్చినప్పుడు అది తీసి చూడాలి. మూడేళ్ల లోపు పిల్లలకి గింజలు ఇవ్వొద్దు, ముక్కులో పెట్టుకుంటారు.

కంఠత వాక్యం సంగతి: పాత అనువాదంలోని గ్రాంథిక తెలుగు ఇక్కడ పుట్టిన పిల్లలకి నోరు తిరగదు. ఎఫెసీయులకు 4:32లో ఒక్క వరుసే తీసుకుని, అమ్మమ్మల్లో ఒకరితో నెమ్మదిగా చదివించి రికార్డు చేసి, ముందు వారమే తల్లిదండ్రుల గ్రూప్‌లో పెడదాం.

స్త్రీల కూడిక చూస్తున్న సిస్టర్

రెండో టేబుల్ లీడర్లకి ఒక హెచ్చరిక. క్షమాపణ కథని తీసుకొచ్చి "సర్దుకుపో అమ్మా" అనే మాటకి వాడొద్దు. అదే అధ్యాయంలో 15 నుంచి 17 వచనాలు ఉన్నాయి: తప్పు చేసినవాడికి ఒంటరిగా చెప్పు, వినకపోతే ఒకరిద్దరిని తీసుకెళ్లు, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పు. క్షమించడం అంటే జరిగింది దాచిపెట్టడం కాదు, దెబ్బలు తినే చోటికి తిరిగి వెళ్లడం అసలే కాదు.

ఎవరైనా ఇంట్లో హింస గురించి నోరు విప్పితే అక్కడే గుంపులో ప్రార్థన మొదలుపెట్టకండి. పక్కకి తీసుకెళ్లి వినండి. భర్తని పిలిచి "మాట్లాడదాం" అనకండి, ఇంటికెళ్లాక ఆమెకి ప్రమాదం పెరుగుతుంది. జాతీయ గృహహింస హెల్ప్‌లైన్ 1-800-799-7233, ఆడవాళ్ల బాత్రూమ్ తలుపు లోపలి వైపు అంటిస్తున్నాను. హాల్లో పెడితే ఎవరూ ఫోటో తీసుకోలేరు. పిల్లల మీద హింస జరుగుతోందని అనుమానం ఉంటే టెక్సస్ చట్టం ప్రకారం రిపోర్ట్ చేయాల్సిన బాధ్యత తెలిసిన ప్రతి ఒక్కరిదీ, నంబర్ 1-800-252-5400. పాస్టర్ గారికి చెప్పేశాను కదా అంటే బాధ్యత తీరదు.

సమన్వయం చూస్తున్న అన్న

సిస్టర్ చెప్పింది రేపు లీడర్ల మీటింగ్‌లో మొదటి విషయం. మూడో టేబుల్ గురించి క్లుప్తంగా: యెరూషలేము నుంచి యెరికోకి సుమారు 27 కిలోమీటర్లు, దాదాపు వెయ్యి మీటర్లు దిగుడు దారి. ఆ దారిలో దొంగలు కొట్టి పడేసిన మనిషికి సమరయుడు గాయాలు కట్టాడు, సొంత వాహనం మీద ఎక్కించాడు, పూటకూళ్లవాడికి రెండు దేనారాలిచ్చి మళ్లీ వస్తానన్నాడు. ఆ "మళ్లీ వస్తాను" అన్నదే మనవాళ్లు మర్చిపోయేది. ఆసుపత్రికి మొదటి రోజు ఇరవై మంది వెళ్తారు, ఐదో రోజు ఒక్కరూ ఉండరు. కార్డు మీద మూడో రోజు, ఏడో రోజు, పద్నాలుగో రోజు ఎవరు వెళ్తారో రాయించండి.

వంట టీమ్

లెక్కలు చెప్తున్నా. పెద్దవాళ్లకి 110 గ్రాముల బియ్యం, పిల్లలకి 60, మొత్తం 12.6 కిలోలు, 13 వండుదాం. ఎముకతో చికెన్ 25 కిలోలు, కందిపప్పు 4 కిలోలు, పెరుగు 4 గ్యాలన్లు. పులిహోర రెండు పెద్ద ట్రేలు. ఒక ట్రేలో వేరుశనగ, జీడిపప్పు, నువ్వుల పొడి ఏవీ వేయం. 2023 నుంచి ఇక్కడ ప్రధాన అలర్జీల జాబితాలో నువ్వులు తొమ్మిదోది, మనవాళ్లు పొడిలో కలిసిపోతాయి కదా అని చెప్పడం మర్చిపోతారు. రెండు ట్రేలకీ లేబుల్, వేర్వేరు గరిటెలు. గరిటె మారిందంటే లేబుల్ ఉండీ లేనట్టే.

వేడి వంటకాలు 135 ఫారన్‌హీట్ కిందికి దిగొద్దు, పెరుగు 41 దాటొద్దు. ఇంటి నుంచి చల్లారి వచ్చిన కూరని స్టెర్నో (ట్రే కింద వెలిగించే చిన్న ఇంధన డబ్బా) మంట మీద పెడితే నిలబెట్టడానికే పనికొస్తుంది, వేడెక్కదు. ముందు పొయ్యి మీద 165కి తీసుకొచ్చాకే ట్రేలోకి.

ఇంకొకటి, రూతు తను తిని మిగిల్చింది నయోమికి పట్టుకెళ్లింది (18). మనం మిగిలే దాకా ఆగం. రాలేని పెద్దవాళ్లకి, బాలింతలకి 15 డబ్బాలు లైన్ తెరవకముందే కట్టేస్తాం. చివర్లో కడితే వాళ్లకి వెళ్లేది పప్పు, అడుగున అంటిన అన్నమే.

యూత్, స్టూడెంట్ల గ్రూప్

డబ్బాలు మేము తీసుకెళ్తాం. మూడు కార్లు, ఒక్కో కారుకి ఐదు ఇళ్లు, వంట అయిన గంటలోపు. నాలుగో టేబుల్‌కి కూడా మాట: కార్యములు 6లో గొణుగుడు వచ్చింది వేరే భాష మాట్లాడే విధవరాండ్రు వడ్డనలో పట్టించుకోబడలేదని. కొత్తగా వచ్చినవాళ్లు, తెలుగు రాని కోడళ్లు, అల్లుళ్లు మన దగ్గర అదే చోట ఉన్నారు. అక్కడ ఏర్పరచిన ఏడుగురి పేర్లూ గ్రీకువే. అందుకని వడ్డన లైన్‌లో ఇద్దరు, రిజిస్ట్రేషన్ దగ్గర ఒకరు కొత్తవాళ్లలోంచే ఉంటే బావుంటుంది.

సమన్వయం చూస్తున్న అన్న

సరే, అలాగే. వేలం పాట గురించి అడిగారు. ఊళ్లో కోత పండుగకి మొదటి గుమ్మడికాయ, కోడి వేలం వేసినట్టే ఇక్కడా ఉంటుంది. కానీ పేరు పెట్టి "ఫలానా బ్రదర్ ఇంకో వంద" అని మైకులో అరవడం ఉండదు. వస్తువు పక్కన చిన్న పెట్టె, మడిచిన చీటీలో అంకె, పేరు. ఎక్కువ రాసినవాళ్లకి ఫోన్ చేసి చెప్తాం. మార్కు 12లో రెండు కాసులు వేసిన విధవరాలి కథ చదివి, ఆ వెంటనే ధర పెంచమని అరవడం బాగోదు.

వండినప్పుడల్లా తీసిపెట్టిన గుప్పెడు బియ్యం తెచ్చి వేసే డబ్బా పెట్టాలని కూడా కొందరు అడిగారు. విడి బియ్యం ప్యాంట్రీలో తీసుకోరు కాబట్టి, అన్నం వండిన ప్రతిసారీ సీసాలో పావు డాలర్ వేసి, నెలకోసారి సీలు ఉన్న సంచి కొనడం మేలు.

కార్డులు రాసినవాళ్లని ఇద్దరిద్దరిగా కలిపేస్తాం, తర్వాతి గురువారం రాత్రి ఒకరికొకరు ఫోన్ చేసుకుని "అయ్యిందా" అని అడగాలి. అంతే, ఉపన్యాసం వద్దు.

ఇంకా కావాల్సినవి: రెండో టేబుల్‌కి ఒక సిస్టర్ లీడర్, ఇంగ్లీష్ బైబిళ్లు 20, ఐదు గ్యాలన్ల కొత్త బకెట్ ఒకటి, థర్మామీటర్లు రెండు, పొద్దున 7:30కి కుర్చీలు వేయడానికి ఆరుగురు. కింద పేరు పెట్టండి.