2,200 డాలర్లు ఎక్స్‌ట్రా కడితే ఎనిమిది లోన్లకీ పంచేసి "నవంబర్ దాకా బిల్లు లేదు" అంటోంది మా లోన్ సర్వీసర్ (లోన్ వసూలు చూసే కంపెనీ), ఇదేం లెక్క?

గుంటూరు_టు_డాలస్:
అందరికీ నమస్తే. నేను ఇంటర్ అయ్యాక అమ్మానాన్నలతో గ్రీన్ కార్డ్ మీద వచ్చా కాబట్టి ఇక్కడ డిగ్రీకి ఫెడరల్ లోన్ (గవర్నమెంట్ ఇచ్చే స్టూడెంట్ లోన్) దొరికింది, మా కజిన్స్ అందరూ ఎఫ్1 స్టూడెంట్ వీసా మీద వచ్చినోళ్ళు, వాళ్ళకి ఇది రాదు, ఊళ్ళో పొలం కాయితాలు బ్యాంకులో పెట్టి తెచ్చుకున్నారు, అందుకే వాళ్ళని అడిగితే నాకేం తెలుసురా అంటున్నారు. 2020 ఫాల్ నుంచి 2024 స్ప్రింగ్ దాకా నాలుగేళ్ళకి మొత్తం 27,000. ఏడాదికి ఒక సబ్సిడైజ్డ్ (చదివేటప్పుడు వడ్డీ గవర్నమెంటే భరించేది), ఒక అన్‌సబ్సిడైజ్డ్ (చదివేటప్పుడు కూడా వడ్డీ మనకే ఎక్కేది) చొప్పున ఎనిమిది లోన్లు. మొదటి ఏడాదివి 2.75 శాతం, తర్వాత 3.73, 4.99, ఆఖరివి 5.50. చదువయ్యాక కట్టక్కర్లేని ఆర్నెల్ల గ్రేస్ అయిపోయాక డిసెంబర్ నుంచి ఆటోపేలో నెలకి 280 దాకా పోతోంది.

మార్చిలో టాక్స్ రిఫండ్ వస్తే ఎక్కువ వడ్డీ ఉన్నది తగ్గుద్దని 2,200 ఒకేసారి కట్టా. కట్టి మర్చిపోయా. నిన్న లాగిన్ అయితే ఆ డబ్బు ఎనిమిదింటికీ ముక్కలు ముక్కలుగా వేసేశారు, 2.75 దానికి కూడా! పైగా ఏప్రిల్ నుంచి ఆటోపే ఒక్క రూపాయి, సారీ ఒక్క డాలర్ తీసుకోలేదు, "పెయిడ్ అహెడ్", అంటే ముందే కట్టేశారు అని రాసుంది, డ్యూ అమౌంట్ సున్నా, నెక్స్ట్ డ్యూ నవంబర్. వడ్డీ మాత్రం రోజూ ఎక్కుతూనే ఉంది. ఇది వాళ్ళ తప్పా నా తప్పా? వెనక్కి సరిచేయించొచ్చా?

ఓహియో_అక్క:
తమ్ముడూ, తప్పు అనలేం, రూలే అంత. బిల్లు కంటే ఎక్కువ కడితే, నువ్వు ప్రత్యేకంగా వద్దని చెప్పకపోతే, డ్యూ డేట్ ముందుకి జరుపుతారు. ఉద్యోగం పోయినోడికి అది వరం, త్వరగా తీర్చేద్దాం అనుకునేవాడికి శాపం. ఆటోపే సంగతంటావా, నా పాత సర్వీసర్ దగ్గర పెయిడ్ అహెడ్‌లో ఉన్నా నెలనెలా తీసేవాళ్ళు, ఇప్పుడున్న దగ్గర ఆపేస్తారు. అందుకే ఎక్స్‌ట్రా కట్టిన ప్రతిసారీ తర్వాతి నెల బ్యాంక్ అకౌంట్ చూసుకుంటా.

నువ్వు చేయాల్సింది, పోర్టల్‌లో మెసేజ్ బాక్స్ ఉంటుంది కదా, ఫోన్ కంటే ముందు అందులో రాయి. ఫలానా తేదీన కట్టిన 2,200 ఫలానా లోన్ నంబర్‌కి, ఆ తేదీ నుంచే జమ వేయండి, నా డ్యూ డేట్ ముందుకి జరపొద్దు, ఇకముందు వచ్చే ఎక్స్‌ట్రా కూడా ఇలాగే వేయండి. ఈ మూడు ముక్కలు చాలు. రాసింది స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకో, ఫోన్‌లో మాట్లాడింది గాలికి పోద్ది.

ఏ లోన్ అంటే, ఆఖరి ఏడాది వాటిలో సబ్సిడైజ్డ్ 5,500, అన్‌సబ్సిడైజ్డ్ 2,000 ఉండాలి, రెండిటికీ వడ్డీ ఒకటే. నేనైతే ఆ 2,000ది చెప్తా. దానికి కాలేజీలో ఉన్నప్పుడు ఎక్కిన వడ్డీ ఇంకొంచెం ఉంటుంది, ఏ పేమెంట్ అయినా ముందు వడ్డీ తిన్నాకే అసలుకి పోద్ది, అయినా 2,200లో అది మొత్తం తీరిపోద్ది. ఎనిమిది ఏడవుతాయి. కంటికి కనపడుద్ది, మనసుకీ హాయి. తర్వాత ఆ 5,500 మీద పడు, ఆటోపేకి ఇచ్చే పావు శాతం తగ్గింపు పోను 5.25, అంటే రోజుకి 79 సెంట్లు. నేను అప్పట్లో ఇలా రోజు లెక్క ఫ్రిజ్ మీద రాసి అతికించుకున్నా, మా ఆయన టీ పెట్టుకుంటూ చూసి నవ్వేవాడు. ముందే కట్టినందుకు పెనాల్టీ ఏం ఉండదు, భయపడకు.

గుంటూరు_టు_డాలస్:
అక్కా థాంక్యూ! ఇంకోటి, ఆఫీస్‌లో ఒకతను ఒక కంపెనీ నంబర్ ఇచ్చాడు, 600 తీసుకుని ఎనిమిదీ ఒకటి చేసి వడ్డీ తగ్గిస్తారంట, స్టూడెంట్ ఎయిడ్ (గవర్నమెంట్ లోన్ సైట్) లాగిన్ ఇస్తే చాలంట.

చికాగో_చలి:
బ్రో ఆ నంబర్ డిలీట్ చెయ్ ముందు. లాగిన్ పాస్‌వర్డ్ అడిగినోడు ఎవడైనా సరే దొంగే అనుకో, అది నీ సంతకంతో సమానం. లోన్లు ఒకటి చేయడం, అదే కన్సాలిడేషన్, స్టూడెంట్ ఎయిడ్ డాట్ గవ్‌లో నువ్వే ఫ్రీగా చేసుకోవచ్చు. పైగా అందులో వడ్డీ తగ్గదు, అన్నిటి సగటు తీసి పైకి, అంటే ఒక శాతంలో ఎనిమిదో వంతు దాకా రౌండ్ చేస్తారు. నీ లెక్క ఇప్పుడే వేశా, సుమారు 4.372 వస్తోంది, అది 4.375 అవుద్ది. తేడా చిల్లరే కానీ ఒకసారి ఒకటి చేశాక 5.50 దాన్ని ముందు కొడదాం అనే అవకాశమే పోద్ది, అక్క చెప్పిన ఆటంతా బంద్.

ఇంకొకళ్ళు ప్రైవేట్‌లో రీఫైనాన్స్ చేస్కో, అంటే కొత్త లోన్ తీసుకుని పాతవి తీర్చెయ్ అంటారు. నీకు సగటున 4.37 ఉంటే ఎందుకు చెప్పు, ఉద్యోగం పోతే ఆదాయాన్ని బట్టి కట్టే ప్లాన్లు ఫెడరల్‌లోనే ఉన్నాయి, ప్రైవేట్‌కి వెళ్ళాక మళ్ళీ వెనక్కి రాలేవు.

ఎడిసన్_నాన్న:
పిల్లలు బాగా చెప్పారు. నాది వేరే గొడవ, పనికొస్తుందేమో రాస్తున్నా. మా అమ్మాయికి తన పేరు మీద లోన్లు, నా పేరు మీద పేరెంట్ ప్లస్ (పిల్లల చదువుకి తల్లిదండ్రులు తీసుకునే ఫెడరల్ లోన్) 10,000, 2024-25ది, 9.08 శాతం. రోజుకి రెండు డాలర్ల 49 సెంట్లు బాబూ. రెండూ ఒకే సర్వీసర్ దగ్గరే కానీ అకౌంట్లు వేరు. పోయిన దసరాకి అమ్మాయి నాకు సర్‌ప్రైజ్ ఇద్దామని పార్ట్‌టైమ్ డబ్బు 500 కట్టింది, కట్టింది తన అకౌంట్‌లో! ఫోన్ చేస్తే తన అకౌంట్ గురించి నాతో మాట్లాడం, తను రాసిస్తేనే మాట్లాడతాం అన్నారు. కనిపెంచింది నేను, ఫీజు కట్టేది నేను, మాట్లాడకూడదంట. సరే వాళ్ళ రూల్ వాళ్ళది. ఆ 500 అలాగే వదిలేశాం, తన బాకీయే కదా తగ్గింది.

అమ్మాయి చదువయ్యేదాకా వాయిదా అడిగి పెట్టుకున్నా, కానీ వడ్డీ మాత్రం నెలనెలా కట్టేస్తున్నా, లేకపోతే ఆ గడువు అయిపోయిన రోజున మొత్తం అసలులో కలుస్తుంది. మన ఊళ్ళో చక్రవడ్డీ కథలు విన్నవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

శాన్‌హోసే_సుబ్బలక్ష్మి:
ఇక్కడ ఒకటి ఎవరూ చెప్పలేదు. సర్వీసర్‌ని మనం ఎంచుకోం, ఎడ్యుకేషన్ డిపార్ట్‌మెంట్ ఇస్తుంది, మారుస్తుంది కూడా. నావి ఒకసారి అలాగే మారాయి, ఈమెయిల్ వచ్చింది, ప్రమోషన్స్ ఫోల్డర్‌లో పడింది, నేను చూళ్ళేదు. ఆటోపే కొత్త చోటికి రాలేదు, నేనేమో పోతోందిలే అనుకున్నా. రెండు నెలల తర్వాత పేపర్ లెటర్ వచ్చింది, అది కూడా పాత అపార్ట్‌మెంట్‌కి, పక్కింటి పంజాబీ ఆంటీ ఫోటో తీసి పంపింది కాబట్టి సరిపోయింది. కట్టకుండా 90 రోజులు దాటితే క్రెడిట్ బ్యూరోకి (మన అప్పుల రికార్డు ఉంచే కంపెనీలకి) పోద్ది, 270 దాటితే డిఫాల్ట్, అంటే ఎగ్గొట్టినట్టే లెక్క. నేను 70 దగ్గర పట్టుకున్నా.

కొత్త పోర్టల్‌లో అకౌంట్ తెరుద్దామంటే పేరు మ్యాచ్ అవ్వట్లేదంది. మా ఇంటిపేరు రెండు ముక్కలు, సోషల్ సెక్యూరిటీ కార్డులో స్పేస్ ఉంది, పాత సర్వీసర్ స్పేస్ తీసేసి కలిపి పంపారంట. ఆ ఒక్క స్పేస్‌కి మూడు ఫోన్లు, ఒక కార్డ్ కాపీ. ఇంటిపేరు పొడుగున్నోళ్ళు, పెళ్ళయ్యాక మార్చుకున్నోళ్ళు ఇప్పుడే వెళ్ళి చూసుకోండి. పేమెంట్ హిస్టరీ మొత్తం ఏడాదికోసారి డౌన్‌లోడ్ చేసి దాచుకోండి, సర్వీసర్ మారాక పాత పోర్టల్ ఎన్నాళ్ళు తెరుచుకుంటుందో గ్యారంటీ లేదు. ఎంత చెప్పినా వినకపోతే స్టూడెంట్ ఎయిడ్ సైట్‌లోనే కంప్లైంట్ పెట్టొచ్చు.

గుంటూరు_టు_డాలస్:
అప్‌డేట్. మెసేజ్ పెట్టా, ఆరు రోజులు ఉలుకూ పలుకూ లేదు, ఇక ఫోన్ చేశా. నలభై నిమిషాలు ఆ మ్యూజిక్ విని నాకు బట్టీ వచ్చేసింది. లైన్‌లోకి వచ్చినావిడ మాత్రం మంచిది, అక్క రాయమన్న మూడు ముక్కలూ చదివా, మార్చి తేదీతోనే తిరిగి వేస్తామంది. ఇవాళ చూశా, 2,000ది "పెయిడ్ ఇన్ ఫుల్" అని ఉంది, మిగిలిన చిల్లర పెద్దదానికి వెళ్ళింది. నెక్స్ట్ డ్యూ వచ్చే నెలకి వచ్చింది, ఆటోపే మళ్ళీ ఆన్. మధ్యలో కట్టని నెలల డబ్బు సేవింగ్స్‌లోనే ఉంది, అది కూడా 5,500 దానికే వేసేశా, ఈసారి లోన్ నంబర్ పక్కన బాక్స్‌లో నేనే టైప్ చేసి. ఆ బాక్స్ పేజీలో అడుగున, చిన్న బాణం నొక్కితే గానీ కనపడట్లేదు, మీ పోర్టల్‌లో కూడా ఉందేమో వెతకండి.

సుబ్బలక్ష్మి గారూ, మీరన్నాక నా పేరు చూసుకున్నా, ఇంటిపేరు చివర ఒక అక్షరం మింగేశారు.

శాన్‌హోసే_సుబ్బలక్ష్మి:
చెప్పానా! కార్డ్ కాపీ రెడీగా పెట్టుకో, లైన్‌లో అదే మ్యూజిక్.