హైబ్రిడ్ కారా, ఎలక్ట్రిక్ కారా? మన జిల్లాల్లో ఏది నయం?

నాగావళి ఒడ్డు:
పాత పెట్రోల్ కారు మార్చాలి. శ్రీకాకుళం నుంచి వారానికోసారి విశాఖ వెళ్తాను, మిగతా రోజుల్లో బండి వాకిట్లోనే ఉంటుంది. ‘ఎలక్ట్రిక్ కొనండి, పొగే ఉండదు’ అని అందరూ అంటున్నారు. ఆ మాట నాకు మింగుడుపడటం లేదు. థర్మల్ కేంద్రం వద్దన్నందుకు 2010 జూలైలో సోంపేటలో, 2011 ఫిబ్రవరిలో కాకరాపల్లిలో మనవాళ్లు పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోగొట్టుకున్నారు. అలాంటి జిల్లాలో ఉంటూ, పరవాడ సింహాద్రి లాంటి కేంద్రాల్లో బొగ్గు కాల్చి తీసిన కరెంటుతో తిరుగుతూ, పొగ లేదని ఎలా చెప్పుకుంటాం? బూడిద చెరువుల పక్కన ఉన్న ఊళ్లవాళ్లను అడగండి.

లెక్క చూడండి. దేశంలో ఒక యూనిట్ కరెంటుకు సగటున 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. ఎలక్ట్రిక్ కారుకు 100 కిలోమీటర్లకు 15 యూనిట్లు అనుకుంటే పదిన్నర కిలోలు. లీటరు పెట్రోల్ కాలితే 2.3 కిలోలు. పెట్రోల్‌తో నడుస్తూ తన చిన్న బ్యాటరీని తానే నింపుకునే హైబ్రిడ్, లీటరుకు 23 కిలోమీటర్లు ఇస్తే, అదే దూరానికి పది కిలోలే. పైగా హైబ్రిడ్ బ్యాటరీ ఒకటి రెండు యూనిట్ల కరెంటు పట్టేది, ఎలక్ట్రిక్‌లో ముప్పై, నలభై యూనిట్లు పట్టేది. దాని తయారీకయ్యే కాలుష్యం ఎవరి ఖాతాలో వేయాలి?

కోట వీధి, విజయనగరం:
మీ ఆవేదన న్యాయమైనదే, లెక్క మాత్రం సగమే. పెట్రోల్ బంకులో పుట్టదు కదండీ. ముడిచమురు తోడి, ఓడలో తెచ్చి, శుద్ధి చేసేందుకు మరో రెండు కిలోలు కలపండి. బొగ్గు తవ్వకానికీ కొంత కలపాలి, ఒప్పుకుంటాను. అసలు తేడా మరోచోట ఉంది. హైబ్రిడ్ పదేళ్ల తర్వాత కూడా పెట్రోలే తాగుతుంది. కరెంటులో సౌర, పవన విద్యుత్ వాటా పెరిగేకొద్దీ ఎలక్ట్రిక్ కారు కాలుష్యం తగ్గుతుంది.

మా డాబా మీద మూడు కిలోవాట్ల సోలార్ పలకలు ఉన్నాయి. ఎండ బాగున్న రోజు 12 యూనిట్లు వస్తాయి, అంటే సుమారు 80 కిలోమీటర్లు. అయితే నేను పగలంతా బడిలో ఉంటాను, కారూ అక్కడే. పగటి కరెంటు లైనుకు పోతుంది, రాత్రి ఛార్జింగ్‌కు బొగ్గు కరెంటు వస్తుంది. ఆదివారం మాత్రమే నా కారు నిజంగా ఎండతో నడుస్తుంది. మీ కారు పగలు వాకిట్లోనే ఉంటుందన్నారు, అది చిన్న విషయం కాదు.

ఉద్దానం:
2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత మా దగ్గర రోజుల తరబడి కరెంటు లేదు. ఇంట్లో ఒక్కటే కారు, డయాలసిస్‌కు వెళ్లాల్సిన మనిషి ఉన్నారు. నేను హైబ్రిడే తీసుకున్నాను.

నాగావళి ఒడ్డు:
ఉద్దానం గారూ, మీ పరిస్థితిలో నేనైనా అదే చేసేవాణ్ని. కోట వీధి గారూ, రాత్రి, పగలు తేడా నాకు తట్టలేదు. ముందు పలకలు పెట్టించి, ఆ తర్వాతే ఎలక్ట్రిక్ తీసుకుంటాను. పెద్ద బ్యాటరీది మాత్రం వద్దు. విశాఖలో ఎలాగూ మూడు గంటలు ఆగుతాను, తిరుగు ప్రయాణానికి కావలసింది అక్కడే ఎక్కించుకుంటాను. మీ పలకలు పెట్టి ఎన్నేళ్లయింది? ఉప్పుగాలికి తట్టుకుంటున్నాయా?