సర్కారు సొమ్ముతో విదేశీ చదువు: ఒకరికి పూర్తి డిగ్రీయా, ముగ్గురికి ఒక్కో సెమిస్టరా?

లెక్కల మాస్టారు:
తెలంగాణలో అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద ఎస్సీ, ఎస్టీ విద్యార్థికి 20 లక్షల దాకా ఇస్తారు. ఆంధ్రలో 2022లో తెచ్చిన విదేశీ విద్యా దీవెనలో క్యూఎస్ అనే ప్రపంచ ర్యాంకుల్లో మొదటి వంద వర్సిటీల్లో సీటొస్తే ఫీజు మొత్తం, తర్వాతి వందకి 50 లక్షల దాకా అన్నారు. ఆ డబ్బులో కొంత తీసి, డిగ్రీ, బీటెక్ పిల్లల్ని ఒక్క సెమిస్టర్ పంపి వెనక్కి రప్పిస్తే ఎలా ఉంటుంది? యూరప్ 1987 నుంచి ఎరాస్మస్ పేరుతో చేస్తున్నది ఇదే. తొలి ఏడాది 11 దేశాల నుంచి 3,244 మంది వెళ్లారు. ఫీజు సొంత కాలేజీకే, అక్కడ కట్టక్కర్లేదు. ఇక మిగిలేది తిండి, గది, టికెట్. జర్మనీ వీసాకి ఏడాది ఖర్చు కింద 11,904 యూరోలు చూపించమంటున్నారు. అందులో సగం వేసుకున్నా, ఒకరి 20 లక్షలతో ముగ్గురు వెళ్లొస్తారు.

పాలమూరు పిలగాడు:
సార్, లెక్క బాగుంది, మనిషి కనబడట్లేదు. మాకు బ్యాంకులో తనఖా పెట్టడానికి గజం జాగా లేదు. పూర్తి డిగ్రీ డబ్బు దొరికింది కాబట్టే నేను మాస్టర్స్ చేశాను, చెల్లెలి చదువు నా జీతంతో నడుస్తోంది. ఆర్నెల్లు ఊరు చూసొచ్చి మళ్లీ ఊళ్లోనే కూర్చుంటే మా ఇంట్లో ఏం మారేది?

డల్లాస్ బాబాయ్:
నిజం మాట్లాడుకుందాం. 2023-24లో అమెరికాలో మన దేశపు విద్యార్థులు 3,31,602 మంది. అందులో 97,556 మంది ఓపీటీ మీద ఉన్నవాళ్లే, అంటే చదువైపోయి పనిచేస్తున్నవాళ్లు. స్టెమ్ (సైన్స్, ఇంజినీరింగ్ లాంటి) కోర్సుకి ఆ గడువు మొత్తం మూడేళ్లు. లక్షలు పోసి మనవాళ్లు కొంటున్నది ఆ మూడేళ్లనే. సెమిస్టర్ ఎక్స్చేంజిలో అది రాదు. ఉచితంగా పంపినా ఎంతమంది వెళతారో నాకు డౌటే.

ఓరుగల్లు ఆడపడుచు:
నేను వెళ్లొచ్చినదాన్ని, బీటెక్ మూడో ఏడాదిలో, జర్మనీకి. ల్యాబ్‌లో తప్పు చేస్తే ప్రొఫెసర్ తిట్టలేదు, ఎందుకలా చేశావని పక్కన కూర్చుని అడిగాడు. ఆ ఒక్క అలవాటు కోసమైనా పంపాలి. కానీ తిరిగొచ్చాక ఏమైందో వినండి. అక్కడ చలికాలం సెమిస్టర్ అక్టోబర్‌లో మొదలై పరీక్షలు ఫిబ్రవరిలో. నేను దిగేసరికి మా క్లాసులో తర్వాతి సెమిస్టర్ సగం అయిపోయింది. నేను పాసైన ఆరు సబ్జెక్టుల్లో రెండే కలిపారు. "సిలబస్ మ్యాచ్ కాలేదమ్మా" అన్నారు. మిగతా నాలుగూ జూనియర్లతో కూర్చుని రాశాను. ఇంట్లో మాత్రం జర్మనీ వెళ్లి సప్లీలు తెచ్చుకుందని పేరు.

లెక్కల మాస్టారు:
అమ్మా, దీనికే 2022లో యూజీసీ నిబంధనలు తెచ్చింది. విదేశీ వర్సిటీతో కలిసి నడిపే ట్విన్నింగ్ కోర్సులో 30 శాతం దాకా క్రెడిట్లు విదేశంలో చేయొచ్చు. చిక్కేమిటంటే కాలేజీలకి మార్కులిచ్చే న్యాక్‌లో నాలుగుకి కనీసం 3.01 గానీ, ఎన్‌ఐఆర్‌ఎఫ్‌ జాతీయ ర్యాంకుల యూనివర్సిటీ జాబితాలో మొదటి వందలో చోటు గానీ లేకపోతే యూజీసీ గడప తొక్కి విడిగా అనుమతి తెచ్చుకోవాలి. నేను పనిచేసే డిగ్రీ కాలేజీకి అదెక్కడ సాధ్యం? డబ్బున్నా మా పిల్లలు కదలరు. పాలమూరు తమ్ముడూ, నీ మాట ఒప్పుకుంటున్నాను, పీజీ సాయం జోలికి వెళ్లొద్దు. దీనికి వేరే పద్దు అడుగుదాం.

గోదారి గట్టు:
పంపడమే మాట్లాడుతున్నారు, వచ్చేవాళ్ల సంగతో? బ్రిటన్ ఎరాస్మస్ వదిలేసి 2021లో ట్యూరింగ్ పథకం పెట్టుకుంది. అందులో డబ్బు వాళ్ల పిల్లలు బయటికి వెళ్లడానికే. ఇప్పుడు 2027లో మళ్లీ ఎరాస్మస్‌లో చేరతామంటోంది. అవతలి పిల్లాడు వస్తేనే కదా మన పిల్లకి అక్కడ ఫీజు లేని సీటు! మన హాస్టళ్లు, మన మెస్సు చూసి ఎవరొస్తారో మీరే చెప్పండి.

ఓరుగల్లు ఆడపడుచు:
హాస్టల్ సంగతి తర్వాత. ఎరాస్మస్‌లో బయలుదేరక ముందే ఒక కాగితం రాసుకుంటారు, లర్నింగ్ అగ్రిమెంట్ అని. ఏ సబ్జెక్టు అక్కడ చదివితే ఇక్కడ దేనికి లెక్క అన్నది రాసి విద్యార్థి, రెండు వర్సిటీలు సంతకాలు పెడతారు. నా చేతిలో ఆ కాగితం ఉండుంటే సప్లీలు ఉండేవి కావు. దీనికి పద్దు కూడా అక్కర్లేదు.

పాలమూరు పిలగాడు:
మన దగ్గర ఆ సంతకం ఎవరు పెట్టాలక్కా, ప్రిన్సిపాలా?

లెక్కల మాస్టారు:
అటానమస్ అయితే కాలేజీ అకడమిక్ కౌన్సిల్ చూసుకోవచ్చు. మాలాంటి అఫిలియేటెడ్ కాలేజీకి సిలబస్ యూనివర్సిటీది, పరీక్షా వాళ్లదే. రేపు అడిగి వచ్చి రాస్తాను.