కొబ్బరి, బొంబాయి రవ్వతో బోలిన్యాస్: కొలతలు, పాకం, నాననివ్వడం, ఓవెన్ (చర్చ)

వసాయీ_తెలుగు:
ముంబై, వసాయి, ఠాణే ప్రాంతాల ఈస్ట్ ఇండియన్ల ఇళ్లలో క్రిస్మస్‌కి కుల్‌కుల్స్, మార్జిపాన్, డేట్ రోల్స్ లాంటి మిఠాయిలతో పాటు ఈ కొబ్బరి-రవ్వ బిస్కెట్లూ చేస్తారు. గోవాలోనూ ఉన్నాయి, పేరు బోలిన్యాస్. ఈస్ట్ ఇండియన్ అంటే ఒడిశా, బెంగాల్ వైపు వాళ్లనుకునేరు, కాదు. ఉత్తర కొంకణ్ తీరంలో మరాఠీ మాట్లాడే స్థానిక క్యాథలిక్‌లు వీళ్లు. 1887లో విక్టోరియా రాణి స్వర్ణోత్సవం నాడు ఈ పేరు పెట్టుకున్నారు. అంతకుముందు వసాయి 1739 వరకు పోర్చుగీసు పాలనలో ఉంది. మిఠాయిలో పచ్చసొన వాడకం ఆ వైపు నుంచి వచ్చిందే.

కొలతలు ఇవి. సన్న బొంబాయి రవ్వ 250 గ్రాములు, పంచదార 250, పచ్చికొబ్బరి కోరు 200 (పెద్ద కాయ ఒకటి), నీళ్లు 100 మి.లీ., నెయ్యి 2 టేబుల్ స్పూన్లు, పచ్చసొనలు 3, తెల్లసొన 1, యాలకుల పొడి అర టీస్పూను, ఉప్పు పావు టీస్పూను. 20 గ్రాముల ఉండలు చేస్తే సుమారు 40 వస్తాయి.

పంచదార, నీళ్లు లేత తీగ పాకం వచ్చేదాకా మరిగించాలి. కొబ్బరి వేసి సన్న సెగ మీద 4, 5 నిమిషాలు కలుపుతూ ఉండాలి. పొయ్యి కట్టేసి రవ్వ, నెయ్యి, ఉప్పు వేసి బాగా కలిపి మూతపెట్టి రాత్రంతా వదిలేయాలి. పొద్దున గిలక్కొట్టిన గుడ్లు, యాలకుల పొడి కలిపి ఇంకో గంట ఆగి, ఉండలు చేసి ఫోర్కుతో గళ్లు గీసి 170 డిగ్రీల దగ్గర 20 నుంచి 25 నిమిషాలు బేక్ చేయాలి.

ఎక్కడ చెడుతుందో, ఎందుకు చెడుతుందో తెలిసినవాళ్లు వివరంగా రాయండి.

తీగపాకం:
చెడేది చాలావరకు పాకం దగ్గరే. చుక్క తీసి చల్లారాక వేళ్ల మధ్య సాగదీస్తే ఒక్క తీగ వచ్చి తెగిపోవాలి, అప్పుడే కొబ్బరి వెయ్యండి. పచ్చికొబ్బరిలో దాదాపు సగం నీరే, అది పాకాన్ని మళ్లీ పలచన చేస్తుంది. అందుకే ఆ 4, 5 నిమిషాల ఉడుకు తప్పదు. గరిటెతో తోస్తే గిన్నె అడుగు ఒక్క క్షణం కనిపించి మళ్లీ నెమ్మదిగా మూసుకుంటే సరిపోయినట్టు. కొబ్బరి లౌజు కట్టేంత దగ్గరికి రానివ్వకండి. అంత ముదిరితే రవ్వ తాగడానికి నీరు మిగలదు, పొద్దునకి గిన్నెలో రాయిలా గడ్డకడుతుంది.

అలా గడ్డకడితే పారేయనక్కర్లేదు. 2 టేబుల్ స్పూన్ల గోరువెచ్చని పాలు చల్లి అరగంట మూతపెట్టి, తర్వాత చేత్తో చిదిమి గుడ్లు కలపండి. పాకం పలచగా ఉండిపోయినప్పుడు కష్టం ఎక్కువ. బిస్కెట్లు ఓవెన్‌లో కరిగి పరుచుకుంటాయి. 2 టేబుల్ స్పూన్ల రవ్వ అదనంగా వేసి కనీసం 2 గంటలు ఆగాలి. మైదా మాత్రం కలపొద్దు. ముద్ద దగ్గరపడుతుంది కానీ కొరికితే రవ్వ కరకర పోయి బిస్కెట్ సాగుతుంది.

రవ్వలడ్డు_గోదావరి:
రవ్వ దగ్గర రెండు జాగ్రత్తలు. ఇడ్లీ రవ్వ బియ్యంది, అది ఎంత నానినా పట్టు రాదు. పెసరగింజంత పలుకులుండే గోధుమ రవ్వ కూడా పనికిరాదు. ఉప్మాకి వాడే బొంబాయి రవ్వ, దొరికితే ఇంకా సన్నగా ఉండే చిరోటి రవ్వ తీసుకోండి. ఇంట్లో ఉన్నది దొడ్డుగా ఉంటే మిక్సీలో 2 సెకన్లు తిప్పి ఆపెయ్యండి, పిండి కాకూడదు.

రెండోది వేయించడం. రవ్వలడ్డుకి వేయించినట్టు కమ్మని వాసన వచ్చేదాకా వేయించకండి. ఎర్రగా వేగిన రవ్వకి అంటుకునే గుణం తగ్గుతుంది, బిస్కెట్ చేతిలో పొడైపోతుంది.

విశాఖ_ఓవెన్:
అసలు వేయించొద్దంటే తీరప్రాంతం వాళ్లకి కుదరదండి. వానాకాలం, శీతాకాలం మొదట్లో రవ్వ చెమ్మగా ఉంటుంది, తూకంలో కొంత ఆ తేమదే. సన్న సెగ మీద 3 నిమిషాలు, రంగు మారకుండా, చెయ్యి పెడితే వేడి తగిలేంత వరకు వేడిచేసి చల్లార్చి తూకం వేస్తే ప్రతిసారీ ఒకే ఫలితం వస్తుంది. పురుగు భయం కూడా ఉండదు.

రవ్వలడ్డు_గోదావరి:
రంగు మారనంత వరకు నాకూ అభ్యంతరం లేదు.

కోరుడుపీట:
కొబ్బరి సంగతి. వెనకున్న గోధుమరంగు పొర కోరులో పడకూడదు. పడితే బిస్కెట్ బూడిదరంగులోకి పోతుంది, నాలిక మీద పీచు తగులుతుంది. కోరింది అలాగే వేస్తే పొడవాటి పోగులు బయటికి పొడుచుకొచ్చి ముందు మాడతాయి. మిక్సీలో నీళ్లు పొయ్యకుండా రెండు మూడు సార్లు ఆపి ఆపి తిప్పండి. ముద్ద అవ్వక్కర్లేదు, పలుకు రవ్వంత ఉంటే చాలు. లేత కాయ వద్దు, నీరెక్కువ, నూనె తక్కువ. కదిలిస్తే లోపల నీళ్లు గలగలమనే ముదురు కాయ తీసుకోండి.

డాలస్_వంటిల్లు:
ఇక్కడ పచ్చికాయ దొరికినా సగం సార్లు లోపల పాడై ఉంటుంది. ఇండియన్ స్టోర్‌లో ఫ్రోజెన్ కోరు తీసుకుంటే పూర్తిగా కరిగాక గుడ్డలో వేసి గట్టిగా పిండి, ఆ తర్వాత 200 గ్రాములు తూచండి. ఎండుకొబ్బరి పొడి వాడేవాళ్లు 110 గ్రాములు తీసుకుని, 90 మి.లీ. గోరువెచ్చని పాలలో అరగంట నానబెట్టాలి. నానబెట్టకుండా వేస్తే పాకంలో నీరంతా అదే పీల్చేసి రవ్వకి ఏమీ మిగల్చదు. ఇక్కడి మామూలు షాపుల్లో బేకింగ్ సామాన్ల దగ్గర దొరికే కొబ్బరి చాలాసార్లు తీపి కలిపింది, ప్యాకెట్ మీద చూసుకోండి. పాస్తా కోసం అమ్మే పసుపురంగు సెమోలినా కూడా వద్దు. అది డ్యూరమ్ గోధుమది, గట్టి పలుకు, మన రవ్వ నానేంత సమయంలో అది సరిగా నానదు. ఇండియన్ స్టోర్‌లో సన్న సూజీ అని ఉన్నదే మన బొంబాయి రవ్వ.

కొత్తబేకర్:
రాత్రంతా ఆగాలా? సాయంత్రం కలిపి రాత్రికి బేక్ చేస్తే ఏమవుతుంది?

తీగపాకం:
పలుకు మధ్యలో పొడిగానే ఉండిపోతుంది. ఓవెన్ వేడికి ఆ పొడి మధ్యభాగం ఇంకా గట్టిపడి ఇసుక నమిలినట్టు ఉంటుంది. ఈ వంటలో నీరు చాలా తక్కువ, ఉన్నది కూడా పంచదార పట్టుకుని కూర్చుంటుంది, అందుకే రవ్వకి అది చేరడానికి గంటలు పడుతుంది. కనీసం 6 గంటలు, 8 నుంచి 10 అయితే నిశ్చింత. గుడ్లు వెయ్యని ముద్ద కాబట్టి చలికాలంలో బయటే ఉంచొచ్చు, ఎండాకాలమైతే ఫ్రిజ్. ఫ్రిజ్‌లో పెట్టినది పొద్దున గంటసేపు బయట ఉంచి గుడ్లు కలపండి, లేకపోతే నెయ్యి గడ్డలు గడ్డలుగా ఉంటుంది.

నానిందో లేదో తెలుసుకోవడం సులువు. ఒక పలుకు ముందుపళ్ల మధ్య కొరకండి. టక్కుమంటే ఇంకా టైముంది.

విశాఖ_ఓవెన్:
గుడ్లు కలపడంలో తొందరపడేవాళ్లు చాలామంది. ముద్ద ఇంకా వేడిగా ఉంటే పచ్చసొన అక్కడక్కడ ఉడికి పసుపు చుక్కలు కడుతుంది, నీచు వాసన వస్తుంది. మొత్తం గుడ్లు ఒకేసారి పొయ్యకుండా ముప్పావు వంతు వేసి కలిపి గంట ఆగి చూడండి. ఉండ చేసి బొటనవేలితో నొక్కినప్పుడు అంచు చుట్టూ సన్న నెర్రెలు రావాలి, ముక్కలై పడకూడదు. పడితే మిగిలిన గుడ్డు వేసుకోండి. అరచేతికి అంటుకుంటుంటే ఆ మిగిలింది వెయ్యక్కర్లేదు.

వసాయీ_తెలుగు:
పచ్చసొనలు మాత్రమే వేసేవాళ్లూ ఉన్నారు, 4 పడతాయి. పచ్చసొనలోని కొవ్వుతో బిస్కెట్ గుల్లగా, నోట్లో విరిగిపోయేలా వస్తుంది. తెల్లసొన పెరిగేకొద్దీ పొంగి కేకు వైపు పోతుంది, చల్లారాక గట్టిపడుతుంది. ఒకటికి మించి తెల్లసొన వేస్తే బోలిన్యాస్ తీరు పోతుందని నా గట్టి అభిప్రాయం. బేకింగ్ పౌడర్ కూడా అక్కర్లేదు. అది వేస్తే ఫోర్కు గళ్లు విప్పుకుపోయి పైన నున్నగా అయిపోతుంది.

ఉండని ట్రే మీద పెట్టాకే నొక్కండి. అడుగు చదునుగా, పైన కొంచెం గుమ్మటంలా ఉండాలి, ఎత్తు దాదాపు ఒకటిన్నర సెంటీమీటర్లు. ఫోర్కుని ప్రతి రెండు మూడింటికీ నీళ్లలో ముంచి దులిపి, ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా లోతుగా నొక్కాలి. పైపైన గీస్తే బేక్ అయ్యాక కనిపించవు. మధ్యలో రెండు వేళ్ల ఎడం చాలు, సరిగా కుదిరిన ముద్ద పెద్దగా పరుచుకోదు.

కోరుడుపీట:
ఓవెన్ గురించి ఎవరైనా చెప్పండి, కింద మాడి పైన తెల్లగా ఉండేవి చాలా చూశాం.

విశాఖ_ఓవెన్:
పంచదార, కొబ్బరి రెండూ ఉన్నాయి కాబట్టి అడుగు త్వరగా రంగు తిరుగుతుంది. చిన్న ఓటీజీలో (ఇంట్లో వాడే కరెంటు ఓవెన్) ట్రే కింది రాడ్‌కి దగ్గరగా ఉంటే మాడక తప్పదు. ట్రే మధ్య అరలో పెట్టి, కింద ఇంకో ఖాళీ ట్రే జతచేసి, బటర్ పేపర్ వెయ్యండి. రెండు రాడ్లూ వెలగాలి, ముందుగా 15 నిమిషాలు వేడెక్కాలి. కన్వెక్షన్ మైక్రోవేవ్‌లో ఫ్యాన్ గాలి ఉంటుంది కాబట్టి 160 చాలు, 18వ నిమిషం నుంచి చూస్తూ ఉండండి. 15వ నిమిషంలో ట్రే తిప్పితే అన్నీ ఒకే రంగు వస్తాయి.

గళ్ల అంచులు బంగారు రంగు తిరిగి, గళ్ల మధ్య ఇంకా లేతగా ఉన్నప్పుడే తీసెయ్యండి. అప్పుడు మెత్తగానే ఉంటాయి, పచ్చిగా ఉన్నాయని మళ్లీ లోపల పెట్టకండి. ట్రే మీద 10 నిమిషాలు, జాలీ మీద 2 గంటలు ఉంటే పైన కరకర, లోపల కొంచెం నమిలే మెత్తదనం వస్తుంది. పూర్తిగా ఎర్రబడేదాకా ఉంచినవి మర్నాటికి పన్ను విరిగేంత గట్టిగా అవుతాయి.

కొత్తబేకర్:
ఓవెన్ లేకుండా మందపాటి గిన్నెలో?

విశాఖ_ఓవెన్:
అడుగున ఉప్పు పరిచి, స్టాండు మీద పళ్లెం పెట్టి, మూతపెట్టి సన్న సెగ మీద 30, 35 నిమిషాలు. ఉడకడం బాగానే ఉడుకుతాయి కానీ పైన రంగు రాదు. చివర్లో పెనం మీద అర నిమిషం బోర్లిస్తే గళ్లు కొంచెం ఎర్రబడతాయి. మూత లోపలి చెమట బిస్కెట్ల మీద పడకుండా మూతకి గుడ్డ కట్టండి, దాని కొసలు మంటకి తగలకుండా పైకి ముడెయ్యండి.

డాలస్_వంటిల్లు:
నిల్వ: వేడి పూర్తిగా పోయాకే డబ్బాలో పెట్టాలి. చలికాలంలో 10, 12 రోజులు, తేమ ఎక్కువున్న ఊళ్లలో వారం. పచ్చికొబ్బరి కాబట్టి ఆ పైన కనరు వాసన మొదలవుతుంది. ఇంకా ఎక్కువ రోజులకైతే ఉండలు చేసి పచ్చిగానే ఫ్రీజర్‌లో నెల ఉంచొచ్చు. బయట గంట పెట్టి, మెత్తబడ్డాక గళ్లు గీసి బేక్ చేసుకోవాలి. మెత్తబడిన బిస్కెట్లని 150 డిగ్రీల దగ్గర 5 నిమిషాలు పెట్టి చల్లార్చితే కరకర తిరిగొస్తుంది.

రవ్వలడ్డు_గోదావరి:
మిగిలిన 2 తెల్లసొనలు ఏం చేస్తారు?

వసాయీ_తెలుగు:
థాలీ స్వీట్‌లోకి పోతాయి. అదీ ఈస్ట్ ఇండియన్లదే. రవ్వ, కొబ్బరి, పంచదార, వెన్నతో పాటు బాదం ముద్ద ఉంటుంది. తెల్లసొనని నురగ వచ్చేలా గిలక్కొట్టి చివర్లో కలిపి, నెయ్యి రాసిన పళ్లెంలో వేలు మందాన పరిచి, బేక్ చేసేముందే డైమండ్ ఆకారంలో గీతలు పెడతారు. ఆ కొలతలకి వేరే చర్చ మొదలుపెడదాం, బాదం నూరడం గురించే బోలెడు చెప్పాలి. ఈలోగా తెల్లసొనలు మూత ఉన్న డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టి 2 రోజుల్లో వాడెయ్యండి.