40 అడుగుల వీధిలో ఫుట్‌పాత్: ఎస్టిమేట్ కాకముందే ఏం అడగాల? (తిరుపతి)

బైపాస్ వీధి:
ఎయిర్ బైపాస్ రోడ్డులో కలిసే 40 అడుగుల వీధి మాది. రెండు పక్కలా కాలువలు తిరగ్గట్టి, పైన బండలేసి ఫుట్‌పాత్ చేస్తారంట. కొలతలు ఇంకా ఖరారు కాలేదు. వీధిలో చక్రాల కుర్చీలో తిరిగేవాళ్లు ఉన్నారు, బడికి సైకిళ్ల మీద పోయే పిల్లలు చాలామంది. ప్రతి గేటు ర్యాంపూ రోడ్డు మీదికే దిగుతుంది. వార్డు సచివాలయంలో అర్జీ ఇవ్వాల. "మంచి ఫుట్‌పాత్ కావాలి" అని రాస్తే పని జరగదు కదా, ఏ కొలతలు రాయాల? సైకిల్ ట్రాక్ అడగొచ్చా?

రోడ్ల డ్రాయింగు:
40 అడుగులంటే 12.2 మీటర్లు. నివాస వీధిలో ఏ అడ్డూ లేకుండా నడిచే వెడల్పు కనీసం 1.8 మీటర్లు, తల మీద 2.2 మీటర్ల ఖాళీ ఉండాలని ఐఆర్‌సీ:103 (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ల పాదచారుల మార్గదర్శకం) చెబుతుంది. ఈ నంబరు అర్జీలో రాయండి. రెండు పక్కలా కలిపి 3.6 మీటర్లు. వాహనాలకు 5.5. మిగిలిన 3.1లో స్తంభాలకు, చెట్లకు పక్కకు 0.55 చొప్పున 1.1, ఒకవైపు పార్కింగుకు 2 మీటర్లు. లెక్క అక్కడికి సరిపోయింది.

"ఫుట్‌పాత్ వెడల్పు 1.8" అని మాత్రం రాయొద్దు. అట్లా రాస్తే ట్రాన్స్‌ఫార్మర్, స్తంభం అందులోనే నిలబెట్టి కొలత చూపిస్తారు. "అడ్డు లేని వెడల్పు" అనే మాట ఉండి తీరాలి.

సైకిల్ ట్రాక్ ఈ వీధిలో వద్దు. ఒక దిక్కుకే 2 మీటర్లు కావాలి. గీత గీసి ఇస్తే మరుసటి రోజు నుంచి అది పార్కింగే. ఇక్కడ పిల్లలకు కావాల్సింది బండ్ల వేగం తగ్గడం. 3.7 మీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల ఎత్తుతో గుండ్రంగా లేచే హంపు అడగండి. సన్నటి రబ్బరు పట్టీలు సైకిలును ఎగరేస్తాయి, ఆటోలను ఆపవు.

గేటు ర్యాంపులు:
అక్కా, అసలు తగువు గేట్ల దగ్గరే. ప్రతి గేటుకీ ఫుట్‌పాత్‌ను కోసి దించితే అది ఎగుడుదిగుడు మెట్లే. ఫుట్‌పాత్ ఒకే మట్టంలో పోవల్ల, కారే ఎక్కి దిగల్ల. ఫుట్‌పాత్ అంచు గట్టు ఎత్తు రోడ్డు నుంచి 150 మి.మీ. దాకా పెట్టొచ్చు గానీ 100 చాలు. 100 ఎత్తుకు, స్తంభాల పట్టీలోని 550 మి.మీ.లోనే కారు ర్యాంపు ఇమిడిపోతుంది. నిటారుగానే ఉంటుంది, కారుకు ఇబ్బంది లేదు.

మూలల్లో కుర్చీ దిగే ర్యాంపు లెక్క వేరు: 12కి 1 వాలు. 150 గట్టుకు 1.8 మీటర్లు పడుతుంది, అంటే ఫుట్‌పాత్ అంతా వాలే, కుర్చీ తిరగడానికి చోటుండదు. 100 అయితే 1.2 మీటర్లతో సరి. ఇంకా మేలైనది వీధి మొదట్లో దాటే చోట రోడ్డునే ఫుట్‌పాత్ మట్టానికి ఎత్తడం. అప్పుడు ఎగువ వైపు కాలువలోకి నీళ్లు దిగే జాలీ తప్పనిసరి. అది మరిస్తే మొదటి వానకే మడుగు.

బైపాస్ వీధి:
చాలా ఉపయోగం అన్నా. బైకులు ఎక్కకుండా ఇనుప స్తంభాలు పెట్టమంటున్నారు కొందరు. కాలువ బండల మాటేంది?

బండల పని:
600 మి.మీ. కాలువకు 900×450×100 బండ వేస్తారు. ఒక్కోటి దాదాపు 100 కిలోలు. గోడ మీద ఊరికే పెడితే పక్క నేలకంటే పైకి లేస్తుంది, కాలు తట్టుకుంటుంది. గోడ అంచులో గాడి వదిలి, బండను అందులో దించాలి. ఎత్తే కొక్కేలు పైకి పొడుచుకు రాకుండా గుంట లోపలే ఉండాలి. జాలీ సందులు 12 మి.మీ. దాటకూడదు, కమ్మీలు నడిచే దిక్కుకు అడ్డంగా ఉండాలి. లేకుంటే కుర్చీ ముందు చక్రం ఇరుక్కుంటుంది.

ఇంటర్‌లాక్ ఇటుకలైతే నడిచేచోట 60, గేటు ముందు 80 మి.మీ. మందం. ముందు అంచు రాళ్లు కాంక్రీటులో బిగించి, తర్వాతే 30 మి.మీ. ఇసుక పరిచి ఇటుకలు పేర్చాలి. అంచు వదులైతే వరసలన్నీ జారతాయి. కాలువ గోడ వెనక మన్ను 15–20 సెంటీమీటర్ల పొరలుగా దిమ్మిస చేయకపోతే అక్టోబరు, నవంబరు వానల్లో కుంగుతుంది. కుంగిన ఫుట్‌పాత్‌లలో చాలావాటికి ఇదే కారణం.

చక్రాల దారి:
ఇనుప స్తంభాలు కార్లనే ఆపుతాయి. కుర్చీ పట్టే సందులో స్కూటరూ పడుతుంది, సందు తగ్గిస్తే ముందు ఆగేది కుర్చీ. చేతితో తిప్పే మూడు చక్రాల బండి పోవాలంటే 1.2 మీటర్లు వదలాలి. చూపు లేనివాళ్లకు కాలికి తెలిసేలా వేసే ఉబ్బెత్తు పలకల్లో గీతలవి దారి చూపడానికి, చుక్కలవి ఆగమని చెప్పడానికి. గీతల వరస స్తంభానికి పోయి గుద్దుకోకుండా డ్రాయింగులోనే చూడండి.

రోడ్ల డ్రాయింగు:
పని మొదలయ్యాక ఎస్టిమేట్, డ్రాయింగు, ఎం-బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) నకళ్లు సమాచార హక్కు కింద అడగండి. 30 రోజుల్లో ఇవ్వాలి. ఒప్పందంలో కాంట్రాక్టరు సొంత ఖర్చుతో బాగుచేయాల్సిన గడువు ఎంతుందో రాసుకోండి. ఇసుక పరచకముందే నీళ్ల గొట్టంతో మట్టం చూడండి: మీటరుకు 2 సెంటీమీటర్ల వాలు రోడ్డువైపు ఉండాలి, ఇళ్లవైపు కాదు. ఇటుకలు పడ్డాక ఆ తప్పు సరిచేయాలంటే అన్నీ పీకాల్సిందే.